పాలపొడి డబ్బాల భూకంపం

ఆ రోజుల్లో మా పోర్ట్ బ్లెయిర్‌లో ఇంటికొక భూకంప నిపుణుడు ఉండేవాడు. సునామీ వచ్చి వెళ్ళిన తరువాత కూడా భూమి నెలల తరబడి తనకు తోచినప్పుడల్లా కాస్త ఒళ్ళు విరుచుకుంటూనే ఉండేది. అది ఎప్పుడు విరుచుకుంటుందో కనిపెట్టే బాధ్యతను మేమందరం ఎవరూ అడక్కుండానే నెత్తిన వేసుకున్నాం. ఒకాయన వేలాడే బల్బును చూసి చెప్పేవాడు. ఇంకొకాయన సీసాలో సగం నీళ్ళు పోసి కిటికీలో పెట్టుకుని, ఆఫీసు మానేసి మరీ దాని ఎదుట కూర్చునేవాడు. అబర్డీన్ బజార్‌లో నేను పనిచేసే మా మావయ్య బట్టల కొట్టుకు వచ్చే ఒక పెద్దమనిషికైతే ఎడమ మోకాలు ముందే చెప్పేసేదట (అది రోజుకు మూడుసార్లు చెప్పేది, మేం రెండుసార్లు నమ్మేవాళ్ళం). ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పట్లో ఆ మోకాలి మాట మీద కొట్టు షట్టరు దించేసి వీధిలో నిలబడ్డ రోజులున్నాయి.

మా ఇంటి నిపుణురాలు నానమ్మ. బతు బస్తీలో మాది పాతకాలపు చెక్క ఇల్లు. దుంగల మీద నిలబెట్టిన ఇల్లు, పలకల నేల, పైన రేకులు. నానమ్మ బీరువా మీద ఒక ఇత్తడి పళ్ళెం పెట్టి, అందులో నాలుగు స్టీలు గ్లాసులు ఒకదాని మీద ఒకటి బోర్లించి నిలబెట్టింది. భూమి కదిలితే గ్లాసులు పడతాయి, పడితే పళ్ళెం మోగుతుంది. పళ్ళెం మోగగానే నానమ్మ అరవాలి, నానమ్మ అరవగానే పక్కింటి దీదీ గరిటెతో కంచం వాయించాలి, కంచం మోగగానే వీధి వీధంతా నీళ్ళ ట్యాంకు ఉన్న గుట్ట మీదికి పరిగెత్తాలి. ఎవరు ఏం పట్టుకుని పరిగెత్తాలో కూడా నానమ్మే పంచిపెట్టింది. రేషన్ కార్డులూ సర్టిఫికెట్లూ ఉన్న సంచి అక్కది, ఆవకాయ జాడీ నానమ్మది (సముద్రం మీదికొచ్చినా సరే, కొత్తావకాయను మాత్రం వదిలిపెట్టేది లేదని తేల్చి చెప్పింది), బుల్లి నాది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, బుల్లి నాది.

బుల్లి అంటే మా అక్క కూతురు, ఆరేళ్ళ పిల్ల. అక్కావాళ్ళు ఉండేది దక్షిణాన ఇంకో దీవిలో, హట్ బేలో, బావకు అక్కడ సరుకుల కొట్టు. సునామీ వచ్చిన ఆ ఆదివారం పొద్దున్న నేల ఊగినప్పుడు బుల్లి వాకిట్లో నిలబడి పళ్ళు తోముకుంటోందట. పడిపోయింది, లేచింది, మళ్ళీ పడిపోయింది. బావ దాన్ని భుజాన వేసుకుని, అక్క చేయి పట్టుకుని అడవి వైపు పరిగెత్తాడు. మనుషులు ముగ్గురూ మిగిలారు, ఇల్లూ కొట్టూ పోయాయి. అంతకంటే ఎంతో ఎక్కువ పోగొట్టుకున్నవాళ్ళు చుట్టూ కనబడుతుంటే, అక్క ఎవరడిగినా ‘మాకేం కాలేదు’ అనే చెప్పేది. కానీ ఒకటి అయింది. బావ అక్కడే ఉండిపోయి తల్లీకూతుళ్ళను ఓడెక్కించి మా దగ్గరికి పంపిన రోజు నుంచీ బుల్లి నేల మీద కాలు పెట్టలేదు.

అతిశయోక్తి కాదు, నిజంగానే పెట్టలేదు. మంచం మీద నిలబడేది, గంతులేసేది, మంచం మీంచి ట్రంకు పెట్టె మీదికి, అక్కణ్ణుంచి స్టూలు మీదికి, స్టూలు మీంచి కిటికీ గట్టు మీదికి వెళ్ళిపోయేది. నేల మీదికి దిగవే అంటే మాత్రం కాళ్ళు కడుపులోకి ముడుచుకునేది. “జమీన్ మీద పెట్టను మావా. అది హిల్తాది” అనేది. (హిల్తాది అంటే కదులుతుంది. మా ద్వీపాల్లో పుట్టిన పిల్లల తెలుగులో సగం హిందీ ఉంటుంది, నాదీ అంతే. ఈ నాలుగు ముక్కలూ కాగితం మీద పెట్టడానికి నేనెన్ని తిప్పలు పడుతున్నానో మీకు తెలియదు.) దాంతో ఇరవై రెండేళ్ళ వయసులో నాకు పల్లకీ ఉద్యోగం వచ్చింది. స్నానానికి నా భుజం, అన్నానికి నా చంక, ఓడలు చూస్తానంటే నా మెడ. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కాళ్ళు అటూ ఇటూ వంచి చూసి, “కాళ్ళకేం కాలేదు. బలవంతంగా దింపకండి, ఆడించండి. ఆటలో పడితే తనే దిగుతుంది” అంది.

ఇంతలో బావ ఫోను చేశాడు. అక్క వీధి చివర టెలిఫోన్ బూత్‌లో నిలబడి మాట్లాడుతుంటే నేను బుల్లిని మెడ మీద పెట్టుకుని బయట నిలబడ్డాను. ఇళ్ళు పోయినవాళ్ళకు కట్టిన రేకుల షెడ్డులో తమకూ ఒక గది ఇచ్చారట, బడి తెరిచేలోపు వచ్చేయమన్నాడట. “బుల్లి నడుస్తోందా?” అని అడిగాడట. అక్క “ఆ, ఆడుకుంటోంది” అని ఫోను పెట్టేసి, ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని ఏడ్చింది. “ఓడ మెట్లు ఎలా ఎక్కుతుందిరా? బడిలో ఎవరెత్తుకుంటారు? ఆ షెడ్డులో కూడా నేలే కదా ఉండేది!” అంది. నేను ఛాతీ పొంగించుకుని, “నేనున్నాను కదక్కా, ఆ ఓడ వచ్చేలోపు బొమ్మలతో దింపుతాను చూడు” అన్నాను. ఇరవై రెండేళ్ళప్పుడు నాకు చేతకానిదంటూ ఏదీ లేదు.

ముందు బజారులో తాళం తిప్పితే డప్పు కొట్టే కోతిని కొనుక్కొచ్చాను. నేను తాళం తిప్పాను, కోతి గడగడ వణికింది, దానికంటే ఎక్కువగా బుల్లి వణికి నా జుట్టు పట్టుకుని వేలాడింది. నానమ్మ ఆ కోతిని బట్టలో చుట్టి ట్రంకు పెట్టెలో ఖైదు చేసింది. “కొన్న బొమ్మలొద్దురా. ఇంట్లో ఉన్నవాటితోనే చేయి, మన గుంట చూస్తుండగా చేయి. ఎలా తయారయిందో తెలిస్తే దానికి భయముండదు” అంది. ఆ మాట ఎంత తెలివైనదో నాకు అప్పుడు తెలియలేదు. అలా మా ఇంట్లో బొమ్మల కర్మాగారం మొదలైంది. మధ్యాహ్నం కొట్టు మూసే వేళకు నేను ఇంటికొచ్చేసరికి వీధి పిల్లలు పదిమంది పలకల నేల మీద బాసింపట్లు వేసుకుని సిద్ధంగా ఉండేవాళ్ళు. బుల్లి మాత్రం మంచం మీద మహారాణి.

ప్రతి బొమ్మకూ నానమ్మ పరీక్ష ఉండేది. నోట్లో పట్టకూడదు, ఎక్కడా గుచ్చుకోకూడదు, రంగు వదలకూడదు. ఈ మూడింటినీ ఆవిడ స్వయంగా తన మీదే పరీక్షించుకునేది. పళ్ళులేని నోట్లో పెట్టుకుని చప్పరించేది, చెంప మీద గీసుకునేది, రాత్రంతా గ్లాసు నీళ్ళలో నానబెట్టి పొద్దున్నే ఆ నీళ్ళ రంగు చూసేది. నేను మొదట చేసింది ఏనుగు. సహాయం కింద ప్రధాన భూభాగం నుంచి ఎవరో మహానుభావులు మా వీధికి పెట్టెల కొద్దీ ఉన్ని స్వెట్టర్లు పంపారు (మా ద్వీపాల్లో ఉన్ని స్వెట్టరు తొడుక్కుంటే మనిషి ఆవిరి కుడుములా ఉడుకుతాడు, కానీ వాళ్ళ మనసు మంచిది). ఒక ఎర్ర స్వెట్టరు చేతిని తొండం చేసి, మావయ్య కొట్టులో మిగిలిన గుడ్డముక్కలు కూరి, కళ్ళకు రెండు బొత్తాలు కుట్టాను. నానమ్మ ఒక బొత్తాన్ని పట్టి లాగి, ఊడిన బొత్తాన్ని నా కళ్ళ ముందు పెట్టింది. “ఇది గుంట గొంతుకి అడ్డం పడితే ఏటవుతాది? నీ కళ్ళు పెరికిస్తావా?” అంది. రెండో బొత్తం కూడా తీసేసి నల్లదారంతో కళ్ళు కుట్టాను. “ఇంతకీ ఇదేటిరా? ఏనుగా, గుమ్మడికాయా?” అని అడిగింది గానీ, పాసు చేసింది. బుల్లి ఏనుగును కౌగిలించుకుంది, ముద్దుపెట్టుకుంది, దుప్పటి కప్పి పక్కలో పడుకోబెట్టుకుంది. అంతా మంచం మీదే.

తరువాత అగ్గిపెట్టెల రైలు. మా ద్వీపంలో రైలు లేదు కాబట్టి పిల్లలు పడిచస్తారని నా లెక్క. ఖాళీ పెట్టెలకు గీసే పట్టీలు గోకేసి, పైన కాగితం అంటించి, గంజితో రంగు కాగితాలు చుట్టి, ఏడు పెట్టెలు దారంతో కట్టాను. నానమ్మ ఇంజిను చప్పరించి “చప్పగా ఉంది, పర్లేదు” అంది. మంచం దగ్గర మొదలుపెట్టి గుమ్మం దాకా ముగ్గుపిండితో పట్టాలు గీసి, రైలుతో పాటు బుల్లి కూడా దిగి నడుస్తుందని ఎదురుచూశాను. అది మంచం మీద కూర్చుని దారం లాగింది. రైలే దాని దగ్గరికి వచ్చింది. మళ్ళీ నేను రైలును గుమ్మం దాకా మోశాను, మళ్ళీ అది లాగింది. ఆ మధ్యాహ్నం నేను గుమ్మానికీ మంచానికీ నలభైసార్లు తిరిగాను. ఆ తరువాత ప్లాస్టిక్ సీసాలు వరుసగా నిలబెట్టి, పాత మేజోడులో గుడ్డలు కూరి బంతి చేశాను. బంతి తెచ్చుకోవడానికైనా దిగాలి కదా! దిగలేదు. మంచం మీంచే గురిచూసి కొట్టడం నేర్చుకుంది. మూడు రోజుల్లో మా వీధిలో దాని గురికి తిరుగులేదు, బంతి అందించేవాణ్ణి మళ్ళీ నేనే. పడవ మాత్రం చేయలేదు. పడవ చేయొద్దని అక్క మొదటిరోజే నా చేయి పట్టుకుని చెప్పింది.

నా పల్లకీ బతుకు ఇక శాశ్వతమే అనుకుంటున్న రోజుల్లో ఆ సంగతి జరిగింది. రైలుకు స్టేషను కావాలని మంచం పక్కన ఒక ఖాళీ పాలపొడి డబ్బా బోర్లించాను. (మా ద్వీపాల్లో టీ అంటే పాలపొడి టీయే. ఏ ఇంట్లో చూసినా డబ్బాలు గుట్టలుగా పడి ఉండేవి.) రైలు ఆ డబ్బాకు తట్టుకుని పడిపోయింది. బుల్లి వంగి అందుకోబోయింది, అందలేదు. కాలు కిందికి చాపి డబ్బా మీద పెట్టింది. రెండో కాలు కూడా పెట్టింది. రైలు తీసుకుని తాపీగా మంచమెక్కింది. “బుల్లీ, ఇప్పుడెక్కడ నిలబడ్డావే?” అన్నాను. నన్నొక వెర్రివాణ్ణి చూసినట్టు చూసి, “డబ్బా మీద. జమీన్ మీద కాదుగా!” అంది.

అంతే, నా బుర్రలో దీపం వెలిగింది. నేల మీద పెట్టని కాలు డబ్బా మీద పెడుతుంది. ఆ డబ్బానే కాలికి కట్టేస్తే? పిల్లలందరినీ ఇళ్ళకు పరుగెత్తించి డబ్బాలు తెప్పించాను. ఒకే ఎత్తువి, తుప్పు లేనివి, అంచు మడతపడి నున్నగా ఉన్నవి ఏరాం. సొట్టపడకుండా లోపల కొబ్బరి డొక్క కూరి, బయటి నుంచి మేకుతో రెండు పక్కలా చిల్లులు వేసి, డొక్క తీసేసి, లోపల లేచిన గరుకును సుత్తితో అణగ్గొట్టాను. మేకూ సుత్తీ నా చేతిలోంచి కదలకుండా నానమ్మ కాపలా. కొబ్బరి తాడు చేతులు కోస్తుందని పాత చీర అంచులు పేని, చిల్లుల్లోంచి పోనిచ్చి, ఒక్కొక్కరి నడుం దాకా కొలిచి ముడి వేశాం. కాలు జారకుండా పైన సైకిలు ట్యూబు ముక్కలు అంటించాం. బుల్లి మంచం మీంచే పర్యవేక్షించింది. తన డబ్బాలకు తనే రంగు కాగితాలు అంటించుకుంది, ముడి బిగిసిందో లేదో తనే లాగి చూసింది. నానమ్మ ఒక్కొక్క డబ్బా అంచునూ చెంపకు రాసుకుని, ఇరవై రెండు డబ్బాలకూ తలాడించింది. ఈ భూప్రపంచంలో ఇంతకంటే భద్రమైన బొమ్మ లేదని నేను ఆ పూట వీధంతా చెప్పుకుని తిరిగాను. అన్నీ చూశాం. గోడ అవతల పక్కగదిలో నానమ్మ బీరువా ఉందన్న సంగతి ఒక్కటే చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం. వానాకాలం మొదలై జల్లు పడుతోంది, వాకిలంతా బురద, డబ్బాలు దిగబడతాయి. అందుకని ఇంట్లోనే, పలకల నేల మీదే ఆట అన్నాను. ముందు పిల్లలు గోడ పట్టుకుని నడిచారు. టక్, టక్, టక్. బుల్లి కాసేపు చూసింది, పెదవి కొరుక్కుంది, చేతులు చాపింది. దాని కాళ్ళ కింద డబ్బాలు పెట్టి, చీర అంచులు చేతికిచ్చి, నడుం పట్టుకున్నాను.

“ఇది జమీన్ కాదు కదా, మావా?”

“కాదమ్మా, పాలపొడి డబ్బా. నువ్వేగా చేశావు!”

“డబ్బా హిల్తాదా?”

“నువ్వు లేపితేనే లేస్తుంది. నువ్వు పెడితేనే కూర్చుంటుంది.”

ఎడమ డబ్బా లేపింది. పెట్టింది. టక్. కుడి డబ్బా లేపింది. టక్. అక్క వంటింటి గుమ్మంలో పిండి చేతులతో నోరు మూసుకుని నిలబడిపోయింది. పది అడుగులు వేశాక బుల్లి నా చేతులు తోసేసి, “ఛోడో మావా!” అంది. గుమ్మం దాకా వెళ్ళింది, తిరిగొచ్చింది. నాలుగు నెలలుగా మంచం మీద దాచిపెట్టుకున్న హుషారంతా ఒక్కసారి కాళ్ళలోకి దిగినట్టుంది. “అందరూ నా వెనక రండి! లైన్‌లో!” అని హుకుం జారీ చేసింది. పదకొండుమంది, ఇరవై రెండు డబ్బాలు, దుంగల మీద నిలబెట్టిన పాత ఇల్లు. మొదటి చుట్టులో గోడ మీద క్యాలెండరు ఊగింది. రెండో చుట్టులో వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. నేను చప్పట్లు కొడుతూ “శభాష్, ఇంకా గట్టిగా!” అంటున్నాను. మూడో చుట్టులో పక్కగదిలో పళ్ళెం ఠణ్ణుమంది.

“వచ్చేసినాదిరో! బేగి ఎల్లండర్రా, బేగి!” కుర్చీలో కునుకు తీస్తున్న నానమ్మ కేక. ఆ వెంటనే పక్కింటి దీదీ కంచం, “భాగో! భాగో!” అన్న అరుపు. ఇక్కడ నేనేం చేశానో చెప్పడానికి ఇన్నేళ్ళ తరువాత కూడా సిగ్గుగానే ఉంది. ఆ నేలను ఊపిందెవరో ఈ లోకంలో అందరికంటే ముందు తెలియవలసినవాణ్ణి నేను. సుత్తి నాది, మేకు నాది, ‘ఇంకా గట్టిగా’ అన్న నోరు కూడా నాదే. అయినా పళ్ళెం మోత వినగానే నా బుర్ర మూతపడింది, ఒళ్ళు మాత్రం తన పని తాను చేసుకుపోయింది. నాలుగు నెలల అలవాటు! చేతులు తిన్నగా మంచం మీదికి వెళ్ళాయి, దుప్పట్లో వెచ్చగా, మెత్తగా ఉన్నదాన్ని దుప్పటితో సహా ఎత్తి గుండెకు హత్తుకున్నాయి, కాళ్ళు గుమ్మం దాటి గుట్ట వైపు పరుగందుకున్నాయి. నా ముందు సంచితో అక్క, నా పక్కన జాడీతో నానమ్మ (డెబ్బై ఏళ్ళ మనిషి నన్ను దాటేసింది), వెనక వీధి వీధంతా. “భయపడకు బుల్లీ, నేనున్నాను, నేనున్నాను” అని దారి పొడవునా దుప్పటికి ధైర్యం చెబుతూనే ఉన్నాను.

గుట్ట మీద ట్యాంకు కింద అందరం రొప్పుతూ నిలబడ్డాం. దీదీ చేతిలో కంచం అలాగే ఉంది. పిల్లల తల్లిదండ్రులు నా వైపు వచ్చారు, పిల్లలంతా మా ఇంట్లోనే ఉన్నారని వాళ్ళకు తెలుసు. అక్క సంచి కింద పెట్టి, “ఇలా ఇవ్వరా, తడిసిపోతోంది” అని నా చేతుల్లోంచి మూట అందుకుంది. దుప్పటి మడత తీసింది. ముందు తొండం బయటికి వచ్చింది.

అక్క ఏనుగును చూసింది, నన్ను చూసింది. అక్క ముఖంలో రక్తం లేదు. “ఒరే, నా పిల్లేదిరా?” అంది. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు, ఏడ్చాను కూడా. “డబ్బాల మీద… డబ్బాల మీద వదిలేశానక్కా” అంటూ కిందికి పరిగెత్తబోయాను. పదిమంది పిల్లల తల్లిదండ్రులూ నాతోపాటు కదిలారు. అప్పుడు గుట్ట మలుపు అవతల నుంచి చప్పుడు వినిపించింది. టక్, టక్, గలగల, నవ్వులు, మళ్ళీ టక్.

మలుపు తిరిగి ముందుగా బుల్లి వచ్చింది. డబ్బాలు మెడలో దండలా వేలాడుతున్నాయి, ఎత్తు రోడ్డు మీద అవి పనికిరాక తీసేసిందట. జుట్టంతా తడి. వట్టి కాళ్ళు. బురదలో, చీలమండల దాకా బురదలో, పరిగెత్తుకుంటూ వస్తోంది. వెనక పిల్లల సైన్యం. “భాగో మత్! మావా, భాగో మత్!” అని, పరిగెత్తొద్దని అరుస్తోంది. “భూకంపం కాదు! మేమే! ఘర్‌ని మేమే హిలాయించాం! నానమ్మ గ్లాసులు మేమే పడేశాం! చూడు, ఇలా!” అని మా అందరి ముందూ రెండు కాళ్ళతో ఎగిరి దూకింది. బురద నా ముఖం మీద పడింది. మళ్ళీ ఎగిరి దూకింది. పెద్దవాళ్ళు అంతమంది ఇలా మోసపోయారేమిటా అని పకపకా నవ్వుతోంది.

అక్క చూపంతా ఆ కాళ్ళ మీదే ఉంది. బుల్లి కూడా అమ్మ ఎక్కడ చూస్తోందా అని తల వంచి, తన కాళ్ళను తను చూసుకుంది. నవ్వు ఆగింది. వేళ్ళ సందుల్లోంచి బురద పైకి వస్తోంది. నా చేతులు అలవాటుగా దాన్ని ఎత్తుకోవడానికి ముందుకు వెళ్ళాయి. నానమ్మ జాడీ చంకన పెట్టుకుని, రెండో చేత్తో నా చేతి మీద ఒక్కటిచ్చింది. “ఎత్తినావంటే చెయ్యి ఇరగ్గొడతాను” అంది. బుల్లి ఒక కాలు లేపి, మెల్లగా పెట్టింది. రెండోది లేపి, పెట్టింది. కాసేపు ఆగి వింది.

“హిలట్లేదు” అంది. “జమీన్ పడుకుంది మావా.”

అక్క అక్కడే బురదలో కూలబడి దాన్ని దగ్గరికి తీసుకుంది. ఎవరో గుడ్డ అందించి కాళ్ళు తుడవమంటే, “వద్దు, ఉండనీయండి, ఆ బురద ఉండనీయండి” అని ఏడుస్తూ నవ్వింది. నాకైతే ఆ క్షణాన నా అంత గొప్పవాడు లేడనిపించింది. ఆ గొప్ప అర నిమిషం కూడా మిగల్లేదు. దీదీ నా చేతిలోకి మళ్ళీ వచ్చి చేరిన ఏనుగును గరిటెతో చూపించి, “అరే, బచ్చీకో ఛోడ్‌కే హాథీ లేకే భాగా!” అని గుట్ట దద్దరిల్లేలా నవ్వడం మొదలుపెట్టింది. “అవునమ్మా, పిల్లనొగ్గేసి ఏనుగుని మోసుకొచ్చినాడు నా మనవడు” అని నానమ్మ తెలుగువాళ్ళ కోసం మళ్ళీ చెప్పింది. వీధంతా నవ్వింది. ఎన్ని నెలల తరువాతో, ఆ గుట్ట మీద జనం నవ్వారు. నన్ను తన్నాలని వచ్చిన ఒక తండ్రి కూడా నవ్వు ఆపుకోలేక ట్యాంకు స్తంభం పట్టుకున్నాడు. అందరం అక్కడే నిలబడి, జల్లులో తడుస్తూ, నానమ్మ జాడీ తెరిచి వేలితో తలా కాస్త ఆవకాయ నాకాం.

ఆ సాయంత్రమే నానమ్మ తన మూడు నియమాలకు నాలుగోది చేర్చింది. ‘నేల కదలకూడదు.’ ఇరవై రెండు డబ్బాల అడుగంచులకూ సైకిలు ట్యూబు తొడిగించింది, ఇంట్లో డబ్బాలాట నిషేధించింది. బుల్లికి ఆ డబ్బాలతో ఇక పనే లేకపోయింది. రోజంతా వీధిలోనే, మన్ను లేకుండా దాని కాళ్ళు చూసినవాళ్ళు లేరు. నేల ఎప్పుడైనా నిజంగానే కాస్త కదిలితే, “ఇప్పుడెవరు డబ్బాలాడుతున్నారు?” అని అడిగేది.

వాళ్ళ ఓడ బయలుదేరే రోజు జెట్టీకి నేనూ వెళ్ళాను. ఓడ మెట్లు అలలకు ఊగుతున్నాయి. నా గుండె కూడా వాటితోపాటే. బుల్లి మొదటి మెట్టు మీద నిలబడి, “మావా, హిల్తాది!” అని సంబరంగా అరిచి, మెట్టు మెట్టుకూ కాలు టపటపలాడిస్తూ ఎక్కింది. సగం ఎక్కి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ కిందికి దిగివచ్చింది. ఎర్ర ఏనుగును నా చేతుల్లో పెట్టింది. “నీ దగ్గర ఉంచుకో. భూకంపం వస్తే నువ్వు దీన్నే తీసుకెళ్తావుగా” అంది.

ఆ రోజు నుంచీ బతు బస్తీలో నా పేరు హాథీ మావ. ఈమధ్య వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు నా బొజ్జను చూసి పెట్టారనుకుంటారు, నేనూ కాదనను. అసలు సంగతి చెప్పాలంటే ఇంత కథ చెప్పాలి. పైగా ఇప్పుడు నాకూ ఎడమ మోకాలు మాట్లాడుతోంది. చెక్క ఇల్లు పోయి సిమెంటు స్లాబు వచ్చింది, పలకలు పోయి టైల్స్ వచ్చాయి. నానమ్మ వెళ్ళిపోయింది. పళ్ళెం, నాలుగు గ్లాసులు మాత్రం బీరువా మీద ఆవిడ పెట్టినట్టే ఉన్నాయి. బుల్లి పెద్దదయింది, ఉద్యోగం చేస్తోంది. సెలవుల్లో వచ్చినప్పుడల్లా గుమ్మంలో చెప్పులు విప్పి, రెండు కాళ్ళతో ఎగిరి దూకి, “హాథీ మావా, భూకంపం!” అని అరుస్తుంది. దిక్కుమాలిన టైల్స్, కదిలితేగా! అది ఒక్క క్షణం ఆశగా పక్కగది వైపు చెవి పెడుతుంది. అందుకని దాని ఆటో వీధి మలుపు తిరిగిన చప్పుడు వినగానే, నలభై దాటిన మనిషిని, మోకాలు పట్టుకుని కుంటుకుంటూ పోయి, బీరువా పక్కన సిద్ధంగా నిలబడతాను. అది దూకగానే మోచేత్తో గ్లాసులను ఒక్క తోపు తోసి, “వచ్చేసినాదిరో, బేగి ఎల్లండర్రా!” అని నేనే కేక వేస్తాను. అది నవ్వుకుంటూ లోపలికి పరిగెత్తుకొచ్చి, చేతులు చాపి నిలబడ్డ నన్ను దాటిపోయి, మంచం మీది ఏనుగును ఎత్తుకుంటుంది.